పండుగకు తిన్న అరిసెను జిమ్‌లో కరిగించాలా?

ప్రశ్న: కోనసీమ కోడలు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో రోజంతా కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నాను. వయసు 37, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 62 కిలోలు. కొన్ని నెలలుగా ఉదయాన్నే జిమ్‌కు వెళ్లి ట్రెడ్‌మిల్ మీద ముప్పావుగంట వేగంగా నడుస్తున్నాను, తిన్న ప్రతిదాన్నీ ఫోన్‌లోని యాప్‌లో రాసుకుంటున్నాను. ఆ యాప్ నాకు రోజుకు 1200 కేలరీలు నిర్ణయించింది. ట్రెడ్‌మిల్ తెర మీద 300 ఖర్చయినట్టు కనిపిస్తే ఆ రోజు ఇంకో 300 తినే హక్కు వచ్చిందనుకుంటాను. ఏ కారణం చేతనైనా జిమ్‌కు వెళ్లకపోతే ఆ రోజు రెండో ఇడ్లీ ముట్టడానికి కూడా చేయి రాదు. బరువు కొంత తగ్గిన మాట నిజమే కానీ, దానితో పాటు తిండి దగ్గర ఉండవలసిన మనశ్శాంతి కూడా తగ్గిపోయింది.

సంక్రాంతికి అమలాపురం దగ్గరి మా అత్తవారింటికి వెళ్తాము. భోగికి ముందే అక్కడ అరిసెల పని మొదలవుతుంది. మా అత్తయ్యగారు నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి ఒత్తుతూ ఉంటే, కింద పళ్లెంలోకి జారే నూనెను చూస్తూ నేను మనసులో కూడికలూ తీసివేతలూ చేసుకుంటూ ఉంటాను. యాప్‌లో అరిసె అని వెతికితే ఒకచోట 90 అని, ఇంకోచోట 250 అని కనిపిస్తుంది. క్రితం సంక్రాంతికి తిన్నదానికి బదులుగా రాత్రి భోజనం మానేసి, అందరూ పడుకున్నాక మేడ మీద చాలాసేపు నడిచాను. అయినా ఊరి నుంచి తిరిగి వచ్చి తూకం చూసుకుంటే దాదాపు రెండు కిలోలు పెరిగాను.

ఈసారి అలా గడపాలని లేదు. వ్యాయామం మానకుండా, లెక్క పూర్తిగా వదిలేయకుండా, నాలుగు రోజులు ఇంటివాళ్లతో కలిసి కూర్చుని తృప్తిగా తినే మార్గం ఏదైనా ఉందా? అరిసెకు ఏ అంకె రాసుకోవాలి? ఎంత నడిస్తే ఒక అరిసె కరుగుతుంది?

జవాబు: తార్నాక నడక

నమస్కారమండీ. నేను ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ ఇబ్బందిలో సగం అంకెల వల్ల వచ్చినదే కాబట్టి ముందు వాటి సంగతే చూద్దాం.

మొదట ఆ 1200. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టిక ప్రకారం 55 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1660 కేలరీలు అవసరం. ఓ మోస్తరు శ్రమ చేసే స్త్రీకి 2130. మీ బరువు 55 కంటే ఎక్కువ, పైగా మీరు రోజూ నడుస్తున్నారు. అంటే ఉన్న బరువు ఉన్నట్టు నిలవడానికే మీకు 1800 ప్రాంతంలో ఖర్చవుతుందని అనుకోవచ్చు. అందులోంచి ఒక్కసారిగా 600 కోసేస్తే శరీరం ఊరుకోదు. ఆ అంకెను యాప్ మీ శరీరాన్ని పరీక్షించి ఇవ్వలేదు. ఖాతా తెరిచినప్పుడు వారానికి ఎంత తగ్గాలనుకుంటున్నారని అడిగితే మీరు నొక్కిన జవాబును బట్టి తీసివేత చేసి ఇచ్చింది. అన్నమే ప్రధానమైన మన భోజనంలో అంత తక్కువ కేలరీల్లో మీకు కావలసిన యాభై గ్రాముల ప్రొటీన్‌ను ఇమిడ్చడం కూడా తేలిక కాదు. నెలల తరబడి అర్ధాకలితో ఉన్న మనిషికి అరిసెల పళ్లెం కనబడితే చూపు తిప్పుకోలేకపోవడం సహజం. దాన్ని మీ మనోబలం లోపంగా లెక్కవేసుకోకండి.

ఇక అరిసె. దానికి స్థిరమైన అంకె లేదు, ఉండడానికి వీలు లేదు. పిండి, బెల్లం గ్రాముకు నాలుగు కేలరీలకు కాస్త తక్కువగా ఇస్తాయి, నూనె తొమ్మిది ఇస్తుంది. యాభై గ్రాముల అరిసెలో ఏడెనిమిది గ్రాముల నూనె ఉండి, మిగిలినది పిండీ బెల్లమూ కొంత తేమా అనుకుంటే 200కు అటూఇటూగా తేలుతుంది. పెద్దగా చేసి, చెక్కలతో సరిగా ఒత్తకపోతే ఇంకా పైకి పోతుంది. చిన్నగా తట్టి గట్టిగా ఒత్తితే చాలా దిగుతుంది. మీరు చూసిన 90, 250 రెండూ ఎవరో ఒకరి ఇంటి అరిసెకు నిజమే అయి ఉండవచ్చు. మీ అత్తయ్యగారి అరిసె ఆ యాప్‌లో ఎక్కడా లేదు.

మీ మూడో ప్రశ్నకు జవాబు మీకు రుచించకపోవచ్చు. 62 కిలోల మనిషి ముప్పావుగంట వేగంగా నడిస్తే మొత్తం ఖర్చు 185 దాకా ఉంటుంది. అయితే ఆ ముప్పావుగంట మీరు కుర్చీలో కూర్చున్నా శరీరం తన పనికి 45 ఖర్చు పెట్టేది. అది తీసివేస్తే నడక వల్ల అదనంగా ఖర్చయినది 140 మాత్రమే. యంత్రం చూపే అంకెలో ఆ 45 కూడా కలిసే ఉంటుంది, చేతికమ్మీలు పట్టుకుని నడిచేవారికి ఇంకా ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి ట్రెడ్‌మిల్ ఇచ్చిన 300ను నమ్మి తిరిగి 300 తినేస్తే లెక్క ఆ రోజే తప్పుతుంది. ఒక్క అరిసె కోసం గంటకు పైగా నడవాలన్నమాట. ఈ బేరంలో ఎప్పుడూ మీరే ఓడిపోతారు, అందుకే దానిలోకి దిగవద్దని చెబుతున్నాను.

రెండు కిలోల సంగతి తేలికైనది. రెండు కిలోల కొవ్వు పేరుకోవాలంటే అవసరానికి మించి సుమారు 15,000 కేలరీలు తినాలి. మూడు రోజులు రోజుకు వెయ్యి చొప్పున అదనంగా తిన్నారనుకున్నా కొవ్వు 400 గ్రాములకు మించదు. మిగిలినదంతా నీరు. తక్కువ తింటూ వచ్చిన శరీరం కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంచే చక్కెర రూపమైన గ్లైకోజెన్‌ను చాలావరకు ఖాళీ చేసుకుని ఉంటుంది. అన్నం, పిండివంటలు అందగానే దాన్ని నింపుకుంటుంది, నింపుకున్న ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. దానికి ఆవకాయలోని ఉప్పు తోడవుతుంది. ఊరి నుంచి వచ్చిన మర్నాడు తూకం ఎక్కడమంత అనవసరమైన పని మరొకటి లేదు.

లెక్క చూడాలన్న కోరిక మీకు బలంగా ఉన్నట్టుంది కాబట్టి, లెక్కకు తగిన చోటు ఒకటి చూపిస్తాను. పండుగ నాలుగు రోజులను వదిలేసి, నెలవారీ సరుకుల చీటీలో నూనె ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల పళ్లెంలో నూనె, నెయ్యి వంటి వాటికి ఇచ్చిన వాటా రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు అది సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంటికి ఆరు లీటర్లు వస్తున్నాయనుకోండి, ఆ తేడా రెండున్నర లీటర్లు మనిషికి రోజుకు 170 కేలరీలుగా, ఎవరూ గమనించకుండా, తాలింపుల్లోనూ వేపుళ్లలోనూ ఏడాది పొడవునా లోపలికి పోతూ ఉంటుంది. బంగాళదుంప వేపుడును యాప్‌లో రాసేటప్పుడు బాండీలో అమ్మ పోసిన నూనె ఎంతో ఎవరు కొలుస్తారు? సంక్రాంతి అరిసె ఏడాదికి ఒకసారి వస్తుంది, ఈ 170 రోజూ వస్తుంది.

జవాబు: రుషికొండ పరుగు

తార్నాక నడక గారు లెక్క చెప్పారు, నేను జిమ్ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవారిలో నేనూ ఒకణ్ణి, అరవై దాటాను. జిమ్‌లో నడవవలసి వచ్చినప్పుడు మొదట చేసే పని ట్రెడ్‌మిల్ తెర మీద తువ్వాలు వేయడం.

దానికి కారణం ఉంది. అమెరికా మానవశాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజల మీద చేసిన పరిశీలన 2012లో వెలువడింది. రోజూ ఎంతో దూరం నడిచే ఆ మనుషులు అమెరికాలో కూర్చుని పనిచేసేవారికంటే చాలా ఎక్కువ కేలరీలు ఖర్చు చేస్తారని అందరూ అనుకున్నారు. తీరా కొలిస్తే, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, ఇద్దరి మొత్తం ఖర్చులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకచోట ఎక్కువ ఖర్చయితే శరీరం మరోచోట పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ వాదన. ఎంతవరకు అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి కానీ, నడకతోనే బరువు దించవచ్చని ఆశపడి విసిగిపోయినవారు మాకు బీచ్ రోడ్డు మీద ఏటా కనిపిస్తూనే ఉంటారు. జనవరిలో వస్తారు, మార్చికి కనబడరు.

వ్యాయామం దండగని నా ఉద్దేశం కాదు. గుండెకు, రక్తపోటుకు, నిద్రకు, ఎముకలకు, మనసుకు దాని వల్ల కలిగే మేలు బరువు తగ్గినా తగ్గకపోయినా కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం సూచించింది. మీ నడక మొదటిదానికి సరిపోతుంది. రెండోది మీ మాటల్లో ఎక్కడా వినిపించలేదు. తక్కువ తింటూ నడక మాత్రమే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ముప్పై ఏడేళ్ల వయసులో పోగొట్టుకున్న కండను యాభైలో తెచ్చుకోవడం కష్టం. వారంలో రెండు రోజులు ట్రెడ్‌మిల్ దిగి బరువులు ఎత్తండి. అక్కడ కేలరీలు చూపే తెర ఉండదు. క్రితం వారం ఎత్తలేని బరువు ఈ వారం లేచిందా అన్నదొక్కటే ఉంటుంది. వ్యాయామాన్ని తిండితో ముడిపెట్టే అలవాటు దానంతట అదే సడలుతుంది.

జవాబు: కొబ్బరాకు

నమస్తే అండి. మేము డాలస్‌లో ఉంటాము. ఇక్కడ సంక్రాంతి ఒక వారాంతంలో అయిపోతుంది, అరిసెలు ఊరి నుంచి పార్సిల్‌లో వస్తాయి. పైన ఇద్దరూ చెప్పినవి సరైనవే అయినా, మీ ప్రశ్నలో నన్ను ఆపినది అంకెలు కాదు. రాత్రి భోజనం మానేసి, అందరూ పడుకున్నాక మేడ మీద నడిచానన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

నేను కూడా యాప్‌తో చాలాకాలం నడిచాను, తరువాత మానేశాను. ఆ రోజుల్లో ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వెళ్లే ముందు ఏమి వండుతున్నారో కనుక్కుని ఉదయం నుంచి పస్తుండేదాన్ని. అక్కడికి వెళ్లాక ఒక గారె తింటే లెక్క తప్పిపోయింది కదా, మునిగినవాడికి చలేమిటన్నట్టు మిగిలినవన్నీ తినేసి, ఇంటికి వచ్చి ఏడ్చేదాన్ని. ఇది నా ఒక్కదాని చాపల్యం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవారికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తరువాత ఐస్‌క్రీమ్ ఎంత తింటారో చూశారు. కడుపులో ఇప్పటికే మిల్క్‌షేక్ ఉంది కాబట్టి తక్కువ తినాలి కదా. వారు మాత్రం మిల్క్‌షేక్ తాగనప్పటికంటే ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది అన్న ఆలోచనే వారిని అంతదాకా తీసుకుపోయింది. నోటిని అంత కట్టుదిట్టంగా కట్టుకోనివారిలో ఆ పెరుగుదల లేదు.

అందుచేత మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను, జవాబు ఇక్కడ రాయనక్కరలేదు. తిన్నదానికి శిక్షగా భోజనం మానేయడం, వ్యాయామం చేయడం పండుగలకే పరిమితమా, మామూలు రోజుల్లో కూడా జరుగుతోందా? నెలసరి క్రమం తప్పిందా? జుట్టు ఎక్కువగా రాలుతోందా, అందరూ ఫ్యాన్ వేసుకున్నప్పుడు మీకు మాత్రం చలిగా ఉంటోందా? ఎవరూ చూడకుండా తినడం, చూడకుండా నడవడం పెరుగుతోందా? వీటిలో కొన్నింటికి అవునని జవాబు వస్తే కొత్త డైట్ పట్టిక వెతకకండి, వైద్యుల్ని కలవండి. మనసులోని మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు అంత అవసరం లేకపోవచ్చు, ఉండకూడదనే నా కోరిక. కానీ ఇలాంటి మాట ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

జవాబు: లెక్కల మాస్టారు

పెద్దలందరూ కలిసి యాప్‌ను గోతిలో వేసి పూడ్చేట్టున్నారు కాబట్టి దాని తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. కొబ్బరాకు గారు చెప్పిన ప్రమాదం నిజమే, దానిని కాదనను. అయినా ఏ కొలతా లేకుండా మనకు తోచినట్టు తింటే సరిపోతుందన్న మాటతో నేను ఏకీభవించలేను.

1992లో న్యూయార్క్ పరిశోధకులు ప్రచురించిన ఒక పరిశీలనలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకునేవారిని తీసుకుని నిజంగా ఎంత తింటున్నారో కొలిచారు. వారు తాము తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, వారికి నిజంగానే అలా అనిపించింది. మా ఇంట్లోనూ అంతే. నేను తినేది రెండు గరిటెల అన్నమే అనుకునేవాడిని. ఒకసారి బియ్యం గ్రాముల్లో తూచి వండించి చూస్తే పూటకు 130 గ్రాముల బియ్యం, అంటే అన్నంలోనే దాదాపు 450 కేలరీలు. ఆ తూకం జీవితాంతం వేయనక్కరలేదు, కొన్ని వారాలు వేస్తే కంటికే అంచనా వస్తుంది. యాప్ ఉపయోగం అంతవరకే, కానీ అంతవరకు మాత్రం ఉంది.

రెండో మాట. నాకు మధుమేహం ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అనే మధుమేహ సర్వే ప్రకారం దేశంలో పది కోట్లకు పైగా మనుషులకు ఉంది, కాబట్టి ఇది చదివేవారిలో చాలామందికి ఉంటుంది. అపరాధభావం లేకుండా తినమని మీరందరూ అంటున్నారు, మంచిదే. అయితే మనసులో బాధ లేనంత మాత్రాన రక్తంలో చక్కెర పెరగకుండా ఆగదు. నాలాంటివారికి అరిసె విషయంలో ప్రశ్న పాపపుణ్యాలది కాదు, సమయానిది. ఖాళీ కడుపుతో ఉదయం కాఫీతో పాటు తిన్న అరిసె వేరు. పప్పు, కూర, పెరుగు తిన్న భోజనం చివర అన్నం తగ్గించుకుని తిన్న అరిసె వేరు. తిన్న వెంటనే పడక ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు వీధిలో అటూఇటూ తిరిగితే కండరాలు చక్కెరను వాడుకుంటాయి, గ్లూకోమీటర్‌లో ఆ తేడా నేను చూస్తూనే ఉన్నాను. ఆ నడక అరిసెను కరిగించడానికి కాదు, దానిని సరిగా వాడుకోవడానికి. మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు మాత్రం అరిసె తిన్నామని రాత్రి భోజనం మానేసే సాహసం చేయవద్దు, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కనుమ నాడు మినుము తినాలని మనవాళ్లు పెట్టిన ఆచారం నాకు ఇష్టం. గారె కూడా నూనెలో వేగినదే అయినా మినప్పప్పు కాబట్టి కొంత ప్రొటీన్ ఉంది, కోడికూరతో తింటే ఇంకా ఉంది. రెండు గారెలతో కడుపు నిండిన భావన వస్తుంది, రెండు అరిసెలతో రాదు. పండుగ వంటలన్నింటినీ ఒకే గాటన కట్టనవసరం లేదు.

జవాబు: తార్నాక నడక

మాస్టారి మాటతో నాకు పేచీ లేదు. బియ్యం తూచి చూడడం మంచి పద్ధతి. కాకపోతే, కొలత ఎవరికి ఉపయోగపడుతుందో ఎవరిని వేధిస్తుందో వేరు చేసి చూడాలి. ఎంత తింటున్నామో బొత్తిగా తెలియనివారికి కొన్ని వారాలు రాసుకోవడం కళ్లు తెరిపిస్తుంది. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఈ రకమే. ఇడ్లీలోని మినప్పప్పు గ్రాములు కూడా నోటికి వచ్చినవారికి ఇంకా రాయమని చెప్పడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు, గోరుచుట్టు మీద రోకటిపోటు తప్ప. ప్రశ్న అడిగినవారు రెండో రకమని నా అంచనా.

కోనసీమ కోడలు

అందరికీ కృతజ్ఞతలు. కొబ్బరాకు గారి ప్రశ్నలు రెండుసార్లు చదివాను. నెలసరి సక్రమంగానే ఉంది, మిగిలిన వాటి గురించి ఆలోచిస్తున్నాను. రక్తపరీక్షలు చేయించుకోవడానికి వచ్చే వారం వైద్యురాలి దగ్గర సమయం తీసుకున్నాను, అప్పుడు ఆ సంగతీ మాట్లాడతాను. మా ఇంటి నూనె ప్యాకెట్లు లెక్కపెట్టాను, ఆ అంకె ఇక్కడ చెప్పను.

ఒక చిక్కు మాత్రం మిగిలి ఉంది. మా అత్తవారింట్లో వడ్డన కొసరి కొసరి జరుగుతుంది. ఆకులో అరిసె అయిపోయేలోపే ఇంకొకటి పడుతుంది, వద్దంటే చిక్కిపోయావమ్మా అంటారు, ఇంకా గట్టిగా వద్దంటే నా చేతి వంట నచ్చలేదా అంటారు. ప్రేమతోనే అంటారు కాబట్టి ఎదురు చెప్పలేను. మరొకటి, యాప్‌ను పూర్తిగా తీసేయాలా?

జవాబు: పాత వంటిల్లు

అమ్మాయీ, నేను వడ్డించే వైపు మనిషిని. మా ఇంటికీ ఇద్దరు కోడళ్లు వస్తారు, కాబట్టి మీ అత్తయ్యగారి తరఫున కూడా మాట్లాడగలను. తినేటప్పుడు ఆకు మీద చేయి అడ్డంపెట్టి వద్దంటే వడ్డించేవారికి చిన్నతనంగా ఉంటుంది. ఒకరోజు ముందు, పాకం దగ్గర కూర్చుని పిండి కలపడానికి సాయం చేస్తూ, అత్తయ్యా, ఈసారి నాకు పూటకొకటే వేయండి, వేడివేడిగా చెక్కల మీంచి తీసింది మాత్రం నాకే ఇవ్వండి అని చెప్పి చూడు. అడిగి తీసుకున్నది ఒకటైనా ఆవిడకు సంతోషమే. అరిసె అప్పుడే తీసినప్పుడు అంచు కరకరలాడుతూ, మధ్య మెత్తగా, నువ్వులు వేగిన వాసనతో ఉంటుంది. ఆ ఒక్కటి తిన్నాక తరువాతవి అంత రుచించవు. ఉండలు నిమ్మకాయంత చేయమని కూడా చెప్పవచ్చు, పిల్లలు సగం తిని పారేస్తున్నారన్న వంక ఎలాగూ ఉంటుంది.

నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. పండుగలో తిన్న అరిసెల గురించి ఇంతమంది ఇన్ని లెక్కలు చెప్పారు కానీ, తిరుగు ప్రయాణంలో కారులో పెట్టే డబ్బాల మాట ఎవరూ ఎత్తలేదు. అరిసెలు వారాల తరబడి నిలవ ఉంటాయి. ఆ డబ్బా హైదరాబాద్‌లో వంటింటి గట్టు మీద చేరాక, ఆఫీసు నుంచి రాగానే టీ మరిగేలోపు నిలబడి ఒకటి, రాత్రి నీళ్లు తాగడానికి వచ్చి సగం, ఇలా ఫిబ్రవరి దాకా నడుస్తుంది. అక్కడ పండుగా లేదు, పక్కన మనుషులూ లేరు, నిజం చెప్పాలంటే అప్పటికి రుచి కూడా అంతగా ఉండదు. మా కోడళ్లు చిన్న డబ్బా ఒకటి ఉంచుకుని మిగిలినవి ఆఫీసుకు పట్టుకెళ్తారు, ఒక్కరోజులో ఖాళీ అవుతాయట. నాకేమీ బాధ లేదు, పైగా నలుగురు మెచ్చుకున్నారని విని వచ్చే ఏడు ఇంకో కిలో బియ్యం ఎక్కువ నానబోస్తాను.

జవాబు: తార్నాక నడక

డబ్బాల సంగతి మా వృత్తిలోనివాళ్లం కూడా సంక్రాంతి దాటాకే అడుగుతాం, ముందే అడగాలని ఇప్పుడు అనిపిస్తోంది.

యాప్ గురించి. వైద్యురాలితో మాట్లాడేవరకు తీసేయకపోయినా ఫరవాలేదు, కానీ రెండు మార్పులు చేయండి. వ్యాయామంలో ఖర్చయిన కేలరీలను తిండి లెక్కకు కలిపే సదుపాయం అమరికల్లో ఉంటుంది, దానిని ఆపివేయండి. నడిచిన రోజుకూ నడవని రోజుకూ ఒకటే అంకె ఉండాలి, జిమ్‌కు వెళ్లలేదని రెండో ఇడ్లీ వదులుకునే అవసరం రాకూడదు. ఆ అంకెను 1200 నుంచి 1500 దగ్గరకు మార్చండి. బరువు నెమ్మదిగా తగ్గుతుంది, కొన్ని వారాలు అసలు కదలకపోవచ్చు కూడా. వైద్యురాలు వేరే అంకె చెబితే అదే పాటించండి. భోగి నుంచి ముక్కనుమ వరకు ఏమీ రాయవద్దు. ఉదయం చేలగట్ల మీద నడవాలనిపిస్తే నడవండి, కానీ రాత్రి మేడ మీద వద్దు. తిరిగి వచ్చిన వారం తరువాత, మామూలు భోజనంలో పడ్డాక, ఉదయం పరగడుపున ఒకసారి తూకం చూసుకుంటే చాలు.